తూకం తెలిసిన వంటిల్లు

పదవీ విరమణ దగ్గరపడిన మిత్రులు నలుగురు కూడినచోట ఒక ప్రశ్న తరచుగా వినవస్తున్నది. ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ చేతికి వచ్చిన తరువాత ఏదైనా తినుబండారాల వ్యాపారం పెట్టుకుంటే ఎట్లా ఉంటుందన్నదే ఆ ప్రశ్న. మన కాలనీలో పచ్చళ్ళకు పేరుపడిన ఇల్లాళ్ళున్నారు. వారి చేతి కందిపొడి రుచి చూసినవారు “ఇది బజారులో పెడితే లక్షలు వస్తాయి” అనకుండా ఉండరు. పొగడ్తగా అన్న మాట కొన్నాళ్ళకు ఆలోచనగా మారుతుంది. ఆలోచన ముదిరితే బ్యాంకులోని సొమ్ము కదులుతుంది. ముప్పై ఏళ్ళ కష్టార్జితం ఒక్క పొయ్యి మీద పెట్టడానికి ముందు, ఆ దారిలో నడిచి గట్టెక్కిన ఒక కుటుంబం కథను ఈ శీర్షికలో సావకాశంగా పరిశీలించడం ఉపయోగకరమని మేము భావించాము.

ఆ కుటుంబం తెలుగువారిది కాదు, కన్నడిగులది. అయినా ఆ పేరు తెలియని తెలుగు ఇల్లు అరుదు. బెంగుళూరులోని హెచ్.ఏ.ఎల్., బి.ఇ.ఎల్. వంటి సంస్థలకు పనిమీద వెళ్ళివచ్చిన మన ఉద్యోగులలో చాలామంది లాల్‌బాగ్ రోడ్డులోని ఆ ఫలహారశాల ముందు వరుసలో నిలబడినవారే. వెళ్ళనివారి ఇళ్ళకు దాని పేరు పొట్లాల రూపంలో వచ్చింది. అదే మావళ్ళి టిఫిన్ రూమ్స్. మూడక్షరాలలో చెప్పాలంటే ఎం.టి.ఆర్.

ఈ కథకు మూలం ఉడుపికి సమీపంలోని పారంపళ్ళి అనే చిన్న ఊరు. నాడు ఆ ప్రాంతం మద్రాసు రాజధానిలోని దక్షిణ కన్నడ జిల్లాలో ఉండేది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఆ రాజధానిలోనివే. ఆ తీరప్రాంతంలో సేద్యపు భూమి తక్కువ, ఆలయాల వంటశాలలలో తరతరాలుగా పండిన పాకశాస్త్రం ఎక్కువ. అందువలన అక్కడి యువకులు గరిటె పట్టుకొని దేశం మీదికి బయలుదేరారు. మన పట్టణాలలో వీధి వీధికీ వెలసిన “ఉడిపి హోటలు” ఆ వలస ఫలితమే. ఆ విధంగానే మయ్య వంశానికి చెందిన సోదరులు 1920 ప్రాంతాలలో బెంగుళూరు చేరి వంటవారుగా జీవితం ప్రారంభించారు. 1924లో లాల్‌బాగ్ సమీపంలో “బ్రాహ్మిన్ కాఫీ క్లబ్” అనే చిన్న ఫలహారశాల తెరిచారు. ఆ పేరు ఆనాటి సమాజపు కట్టుబాట్లను తెలుపుతుంది. 1960లో వారు కొత్త భవనంలోకి మారినప్పుడు ఆ పేరు పోయి, పేట పేరు మీద “మావళ్ళి టిఫిన్ రూమ్స్” వచ్చింది. పేరులోని ఈ మార్పు వలన అంగడి అందరిదైంది.

కాఫీ, ఇడ్డెన, దోసె అమ్మే హోటళ్ళు ఆనాడు బెంగుళూరులో ఎన్నో ఉండేవి. వాటన్నింటికీ వంటవారు అదే తీరం నుండి వచ్చినవారే, చేతిలో ఉన్న విద్య కూడా ఒక్కటే. మరి ఈ ఒక్క అంగడి నూరేళ్ళు నిలిచి, దేశ దేశాలకు పొట్లాలు పంపే స్థాయికి ఎట్లా ఎదిగింది? చేతి రుచి ఒక్కటే కారణమైతే తక్కినవారూ ఎదగవలసింది కదా! ఈ ప్రశ్నకు సమాధానం ఆ సంస్థ చరిత్రలోని మూడు ఘట్టాలలో దొరుకుతుందని మా అభిప్రాయం.

మొదటి ఘట్టం రెండవ ప్రపంచ యుద్ధకాలం నాటిది. 1942లో బర్మా జపాను వశమైంది. దక్షిణ భారతానికి బియ్యం సరఫరా చేసిన ధాన్యాగారాలలో బర్మా ముఖ్యమైనది. ఆ దిగుమతి ఆగిపోవడంతో బియ్యానికి కటకట ఏర్పడింది. ఇడ్డెన మీద బ్రతికే హోటలుకు బియ్యం లేకపోవడమంటే మన ఫౌండ్రీకి దుక్క ఇనుము రాకపోవడం వంటిదే. మయ్య సోదరుల వంటశాల చేతులు ముడుచుకొని కూర్చోలేదు. గోధుమ రవ్వతో, అనగా మనం ఉప్మాకు వాడే బొంబాయి రవ్వతో, ఇడ్డెన చేయడానికి ప్రయోగాలు చేసింది. నేడు దేశమంతటా తింటున్న రవ్వ ఇడ్లీ తమ వంటింటిలోనే పుట్టిందని ఆ సంస్థ చెప్పుకొంటుంది.

ఒక ముడిసరుకు బదులు మరొకటి వేయడం పైకి సులభంగా కనిపిస్తుంది, కాని ఇంజనీర్లకు అందులోని ఇబ్బంది తెలుసు. బియ్యపు ఇడ్డెనకు గుల్లదనం ఇచ్చేది మినపపిండి, రాత్రంతా పులియబెట్టడం. పులిసేటప్పుడు పుట్టే వాయువును మినుములోని జిగురు పట్టి ఉంచుతుంది. రవ్వలో ఆ జిగురు లేదు. అందుచేత వాయువును మరొక మార్గంలో పుట్టించాలి. పెరుగులోని పులుపు, వంటసోడా కలిస్తే వాయువు అప్పటికప్పుడు పుడుతుంది. కాని అది నిలవదు గనుక పిండి కలిపిన వెంటనే ఆవిరిమీదికి ఎక్కించాలి. అంటే రవ్వ మార్చినప్పుడు సరకుతో పాటు వంట పద్ధతి అంతా మారింది. రాత్రంతా నానబెట్టి, రుబ్బి, పులియబెట్టే పని కొద్ది నిమిషాలలోకి వచ్చింది. పొడిగా కలిపి ఉంచుకొని కావలసినప్పుడు పెరుగు చేర్చి వండుకొనే వస్తువుగా ఇడ్డెన మారడానికి కావలసిన బీజం ఆ కరవులోనే పడింది. దాని విలువ అప్పుడు ఎవరికీ తెలిసి ఉండదు. మూడు దశాబ్దాల తరువాత తెలిసింది.

రెండవ ఘట్టం 1951 నాటిది. అప్పటికి వ్యాపారం నడుపుతున్న యజ్ఞనారాయణ మయ్య ఐరోపా పర్యటనకు వెళ్ళారు. హోటలు యజమాని విదేశాలకు వెళితే కొత్త వంటకాలు నేర్చుకొని వస్తాడని అనుకుంటాము. ఆయన వంటకాలు తేలేదు, శుభ్రత తెచ్చారు. అక్కడి భోజనశాలలు పాత్రలను, గిన్నెలను, చెంచాలను ఎట్లా కడుగుతున్నాయో, పనివారు ఎట్లా మెలగుతున్నారో చూసి వచ్చి, కప్పులనూ పళ్ళెములనూ ఆవిరితో శుద్ధి చేసే పద్ధతిని తమ ఫలహారశాలలో ప్రవేశపెట్టారు. వంటశాలను వచ్చినవారి కంటికి కనబడే విధంగా ఉంచారు. వంటిల్లు దాటి భోజనానికి వెళ్ళే ఏర్పాటును పాత తరం వారు నేటికీ తలచుకుంటారు.

దీనిని మేము ప్రచారపు ఎత్తుగడగా చూడము. మన కర్మాగారంలో తనిఖీ అధికారి ఏ క్షణంలోనైనా షాపులోకి రావచ్చునని తెలిసినప్పుడు పని తీరు ఎట్లా ఉంటుందో మనకు తెలుసు. అక్కడ తినవచ్చే ప్రతి మనిషీ తనిఖీ అధికారియే అయినాడు. మూసిన తలుపు వెనుక నాణ్యత యజమాని మనసును బట్టి ఉంటుంది. తలుపు తెరిస్తే అది పద్ధతిని బట్టి ఉంటుంది.

ఇక మూడవది, అన్నింటికన్నా కఠినమైన ఘట్టం. 1975లో దేశంలో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. ధరల అదుపు పేరిట హోటళ్ళలో ఫలహారాలను తక్కువ ధరలకు అమ్మాలని నిర్ణయించారు. దీని వెనుక ఉన్న ఉద్దేశం మనకు అర్థం కానిది కాదు. స్థిరమైన జీతాలతో కాలం గడిపే మనవంటివారికి ధరలు పెరిగితే కలిగే బాధ అనుభవమే. కాని ఒక దోసెకు పడే నెయ్యి, పప్పు, కట్టెలు, కూలి ఖర్చు నిర్ణీత ధరను మించినప్పుడు యజమానికి మూడే మార్గాలు మిగులుతాయి. నష్టానికి అమ్మడం, సరకు తగ్గించడం, అమ్మకం మానడం. మొదటిది ఎన్నాళ్ళో సాగదు. రెండవది చాలామందికి సులభంగా తోచేది. నెయ్యి బదులు నూనె, మంచి కాఫీగింజ బదులు చికోరీ వేస్తే లెక్క సరిపోతుంది. మయ్య కుటుంబం మూడవది ఎంచుకున్నది. తమ ప్రమాణంలో వండలేనప్పుడు వండకపోవడమే మేలని ఫలహారశాలను మూసింది.

మూయడం సులభమే, కాని ఏళ్ళ తరబడి పనిచేస్తున్న వంటవారు, సహాయకులు ఎక్కడికి పోవాలి? ఉత్పత్తి ఆగిన షాపులో మనుషులను ఏం చేయాలన్న ప్రశ్న ప్రభుత్వరంగ ఉద్యోగులకు కొత్తది కాదు. వారు పక్కనే అంగడి పెట్టి సాంబారు పొడి, రసం పొడి, చట్నీ పొడి, రవ్వ ఇడ్లీ మిశ్రమం వంటివి తయారుచేసి పొట్లాలలో అమ్మసాగారు. వండిన పదార్థానికి ధర కట్టిన ఉత్తర్వు ఈ పొడులకు వర్తించలేదు. అప్పటివరకు కూర్చొని తినేవారికి మాత్రమే అందిన రుచి ఇప్పుడు సంచీలో ఇంటికి వెళ్ళింది. యుద్ధకాలంలో పడిన బీజం ఇక్కడ మొలకెత్తింది. తరువాత కొంతకాలానికి ఫలహారశాల మళ్ళీ తెరుచుకున్నది, కాని పొట్లాల వ్యాపారం అప్పటికి తన కాళ్ళమీద నిలబడింది. సదానంద మయ్య నాయకత్వంలో అది ఎం.టి.ఆర్. ఫుడ్స్ అనే పెద్ద సంస్థగా పెరిగింది.

ఇక్కడ మన వృత్తికి సంబంధించిన కొన్ని సంగతులు చెప్పుకొనడం అవసరం. ఎందుకంటే చేతి రుచిని నమ్ముకొని పెట్టుబడి పెట్టేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడనే.

పదిమందికి చక్కగా కుదిరిన వంటను నూరు మందికి చేసేటప్పుడు అన్నింటినీ పదితో గుణిస్తే సరిపోతుందని చాలామంది భావిస్తారు. పాత్ర కొలతలు అన్నివైపులా రెండింతలైతే దాని లోపలి పరిమాణం 8 రెట్లవుతుంది, కాని వేడి తగిలే ఉపరితలం 4 రెట్లే అవుతుంది. అంటే ప్రతి కిలో పదార్థానికి అందే వేడి సగానికి పడిపోతుంది. చిన్న మూకుడులో రెండు నిమిషాలలో వేగిన ధనియాలు పెద్ద మూకుడులో అడుగున మాడి పైన పచ్చిగా ఉంటాయి. పైనున్న నీరు ఆవిరి కావడానికి ఎక్కువసేపు పడుతుంది గనుక వాసననిచ్చే నూనెలు ఆ లోపల ఎగిరిపోతాయి. “అదే చెయ్యి, అవే దినుసులు, రుచి మాత్రం రాలేదు” అని బాధపడేవారి చిక్కు ఇదే. ఉప్పు, కారం తూకం వేయవచ్చు, కాని వేడిని, కాలాన్ని, కలిపే వేగాన్ని కూడా కొలిచి వ్రాసుకొన్నవాడే పెద్ద పొయ్యి మీద చిన్న పొయ్యి రుచిని పట్టగలడు.

తరువాతి చిక్కు నిలువ. ఏ ఆహారమైనా చెడడానికి సూక్ష్మజీవులకు నీరు, తగిన పరిసరం కావాలి. వాటిని ఆపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది నీటిని తీసివేయడం. పొడులు, వడియాలు, మిశ్రమాలు ఈ దారిలోనివి. వీటికి తేమ పరమ శత్రువు. వానాకాలంలో తెరిచి ఉంచిన డబ్బాలో పొడి గడ్డకట్టిందంటే దాని ఆయుష్షు తగ్గడం మొదలైనట్లే. రెండవది పులుపు, ఉప్పు. మన ఆవకాయ ఈ దారిలోనిది. పులుపును కొలిచే పి.హెచ్. అంకె 4.6 కన్నా తక్కువగా ఉంటే ప్రాణాంతకమైన క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి పెరగలేదు. పచ్చడిమీద తేలే నూనె గాలిని ఆపుతుంది, బూజును ఆపుతుంది. అంతమాత్రాన నూనె ఉంటే చాలునని అనుకోరాదు. బొట్యులినం గాలి లేనిచోటనే పెరుగుతుంది. పులుపు, ఉప్పు తగినంత లేకుండా వెల్లుల్లిని వట్టి నూనెలో నిలువ ఉంచడం ఇందువలననే ప్రమాదకరం. రుచికోసమని, ఆరోగ్యం కోసమని పచ్చళ్ళలో ఉప్పూ పులుపూ తగ్గించి పాతకాలపు ఆయుష్షునే ఆశించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడవ దారి వేడి. పప్పు, కూర, బిసిబేళె అన్నం వంటివి పులుపు తక్కువ, తేమ ఎక్కువ. వీటిని మామూలుగా ఉడికిస్తే 100 డిగ్రీలు దాటదు. బొట్యులినం బీజాలు ఆ వేడిని తట్టుకుంటాయి. వాటిని నశింపజేయాలంటే సుమారు 121 డిగ్రీలు కావాలి. అది మన ఇంటి ప్రెషర్ కుక్కరు సూత్రమే. లోపల పీడనం పెరిగితే నీరు ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద మరుగుతుంది. పదార్థాన్ని ముందుగానే సంచీలో నింపి, మూతి మూసి, ఆ సంచీని పెద్ద పీడన పాత్రలో ఉంచి ఈ వేడి ఇస్తారు. ఈ పాత్రను రిటార్టు అంటారు. సంచీకి పైన గట్టిదనానికి పాలియెస్టరు, మధ్య గాలీ వెలుతురూ చొరకుండా పలుచని అల్యూమినియం రేకు, లోపల అతకడానికి పాలీప్రొపిలీన్ పొరలు ఉంటాయి. సంచీ బల్లపరుపుగా ఉండడంలో ఒక సౌలభ్యం ఉంది. గుండ్రని డబ్బా నడిమికి వేడి చేరడానికి పట్టే కాలంకన్నా పలుచని సంచీ నడిమికి తక్కువ కాలం పడుతుంది. అందుచేత కూర అతిగా ఉడికి చెడదు. చల్లార్చేటప్పుడు బయటి పీడనం ఒక్కసారిగా తగ్గితే లోపలి ఆవిరికి సంచీ ఉబ్బి పగులుతుంది. కనుక సంపీడిత వాయువుతో బయట ఎదురు పీడనం నిలుపుతారు. బాయిలరు దగ్గర పనిచేసిన మన సోదరులకు ఇందులో కొత్తేమీ ఉండదు.

ఈ విద్య మయ్య కుటుంబానికి ఎక్కడ దొరికింది? మైసూరులోని రక్షణశాఖ ఆహార పరిశోధనశాల నుండి దొరికింది. 1961లో ఏర్పడిన ఆ ప్రయోగశాల సరిహద్దులలోని జవానులకు వంటశాల లేనిచోట కూడా ఇంటి భోజనం అందించాలన్న లక్ష్యంతో ఈ సంచీల భోజనాన్ని అభివృద్ధి చేసింది. సుమారు పాతికేళ్ళ క్రితం ఎం.టి.ఆర్. ఆ పరిజ్ఞానాన్ని తీసుకొని వండిన కూరలను మార్కెట్లోకి తెచ్చింది. అదే మైసూరులో 1950 నుండి కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ పనిచేస్తున్నది. గేదెపాలతో పసిపిల్లల ఆహారం తయారుచేసే విధానం అక్కడే రూపుదిద్దుకొని అమూల్ ద్వారా ఇంటింటికీ చేరింది. ప్రజాధనంతో నడిచే సంస్థలు ఏం సాధించాయని ప్రశ్నించేవారికి అమెరికాలోని మన పిల్లలు అర్ధరాత్రి వేడిచేసుకొని తినే సాంబారన్నపు పొట్లం ఒక సమాధానం. కుటుంబం తన రుచిని, ప్రభుత్వ ప్రయోగశాల తన శాస్త్రాన్ని జతచేసినందువలన అది సాధ్యమయింది.

ఇంతవరకు ఎదుగుదల కథ చెప్పుకున్నాము. ముగింపు కూడా చెప్పకపోతే సత్యం సగమే అవుతుంది. 2007లో మయ్య కుటుంబం ఎం.టి.ఆర్. ఫుడ్స్‌ను నార్వే దేశానికి చెందిన ఓర్క్లా సంస్థకు సుమారు 8 కోట్ల డాలర్లకు అమ్మివేసింది. ఓర్క్లా పుట్టుక 1654 నాటి గనుల తవ్వకంలో ఉన్నది. గనుల కంపెనీ కాలక్రమాన ఆహార సంస్థగా మారి మన రసం పొడిని కొన్నది! ఆ సంస్థ భారతీయ విభాగం 2025 నవంబరులో మన స్టాక్ ఎక్స్ఛేంజీలలో నమోదైంది. ఫలహారశాలలు మాత్రం కుటుంబంలోని మరొక శాఖ చేతిలో మిగిలాయి. అవి సింగపూరు, లండను వంటి నగరాలకు కూడా విస్తరించాయి. సదానంద మయ్య కొంతకాలానికి “మయ్యాస్” అనే పేరుతో మళ్ళీ అదే రంగంలో అడుగుపెట్టారు.

అమ్మకం వార్త విన్ననాడు “ఇంటి రుచి పరాయిదైపోయింది” అని నొచ్చుకున్నవారున్నారు. ఆ బాధలో నిజం లేకపోలేదు. పేరు వేరొకరి ఆస్తి అయినప్పుడు దానిని పెంచిన కుటుంబానికి దానిమీద మాట చెల్లదు. కాని మరొక కోణం కూడా ఉన్నది. కొన్నవాడు కొన్నది ఏమిటి? పెద్దాయన చేతివాటాన్ని కాదు, ఆయన వెళ్ళిపోయినా అదే రుచి ఇచ్చే తూకాల పట్టికను, యంత్రాల వరుసను, శిక్షణ పొందిన మనుషులను. రుచి ఒక వ్యక్తి చేతిలోనే ఉండిపోయి ఉంటే కొనడానికి ఏమీ ఉండేది కాదు, నిలవడానికీ ఏమీ ఉండేది కాదు.

ఈ మాట మన కర్మాగారానికీ వర్తిస్తుంది. ముప్పై ఐదేళ్ళు లేతు మీద పనిచేసిన కార్మికుడు చెవితో విని బేరింగులోని లోపం చెప్పగలడు. ఆయనకు శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిలో పెట్టి సాగనంపే రోజున ఆ విద్య కూడా గేటు దాటిపోతుంది. ఎవరూ దానిని వ్రాసుకోలేదు గనుక మరునాడు కొత్త కుర్రవాడు మొదటినుండి మొదలుపెడతాడు. చేతిలోని నేర్పును కాగితం మీదికి తేవడం నేర్పరికి అవమానం కాదు, అది అతని విద్యకు పొడిగించిన ఆయుష్షు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. పదవీ విరమణ సొమ్ముతో తినుబండారాల వ్యాపారం పెట్టవచ్చునా? పెట్టవచ్చును. కాని దానికి ముందు మూడు పనులు చేయవలసిందిగా మా మనవి.

మొదటిది, తూకం వేయండి. ఇంట్లో “చూపుమేర” వేసే దినుసులను ఒక నెలపాటు కాటా మీద పెట్టి వ్రాయండి. వ్రాసిన కాగితాన్ని కోడలికో, పొరుగింటి అమ్మాయికో ఇచ్చి మీరు వంటింట్లోకి వెళ్ళకుండా చేయించండి. అదే రుచి వస్తే మీ చేతిలో వ్యాపారం ఉన్నది. రాకపోతే ఇంకా వంట మాత్రమే ఉన్నది.

రెండవది, లెక్క వేయండి. పొట్లం అమ్మిన రోజున డబ్బు రాదు. ఉదాహరణకు రోజుకు 100 పొట్లాలు, ఒక్కొక్కటి 40 రూపాయలకు దుకాణాలకు వేస్తున్నారనుకుందాం. వారు 45 రోజుల తరువాత చెల్లిస్తే 1,80,000 రూపాయలు ఎల్లప్పుడూ బజారులోనే ఉండిపోతాయి. తిరిగివచ్చే పాత సరకు, చిరిగిన సంచీలు, వసూలుకాని బాకీలు వేరు. ఈ సొమ్ము లెక్కలో లేనందువలన సరకు బాగున్న వ్యాపారాలు కూడా మూతపడుతున్నాయి. కనుక పింఛను మీద, పిల్ల పెళ్ళికి దాచిన దానిమీద చెయ్యి వేయకుండా, పోయినా సంసారం కదలని మొత్తంతోనే మొదలుపెట్టండి. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వద్ద నమోదు చేయించి, 14 అంకెల సంఖ్యను పొట్లం మీద ముద్రించడం మొదటి రోజునుండే అలవాటు చేసుకోండి.

మూడవది, ఒక గీత గీయండి. ఏ ధరకన్నా తక్కువకు అమ్మకూడదో, ఏ దినుసును ఎట్టి పరిస్థితిలోనూ మార్చకూడదో ముందుగానే ఇంటిల్లిపాదీ కూర్చొని నిర్ణయించుకోండి. పోటీదారుడు రెండు రూపాయలు తగ్గించిన రోజున ఆ నిర్ణయం చేయడం కష్టం. ఆ వేడిలో చేతికి మొదట దొరికేది నూనె డబ్బాయే. 1975లో ఆ వంటశాల తన గీతను దాటడానికి బదులు తలుపు మూసుకున్నది. మూసిన తలుపు పక్కనే మరొక తలుపు తెరుచుకోవడం వారి అదృష్టమని కొందరనవచ్చు. మాకు మాత్రం అది కేవలం అదృష్టంగా తోచడం లేదు. తూకం తెలిసి ఉండడం వలన వారు పొడి చేయగలిగారు. నాణ్యతకు పేరు ఉండడం వలన ఆ పొడిని జనం కొన్నారు. పనివారిని వదలకపోవడం వలన చేసేవారు ఉన్నారు.

కాలనీ మహిళా మండలి సభ్యులు ఎవరైనా తమ పొడులకు, పచ్చళ్ళకు ఇటువంటి తూకాల పట్టికలు తయారుచేసుకొనదలచితే మా విభాగపు మిత్రులము సాయంత్రం వేళల్లో సంతోషంగా సహకరిస్తాము. కాటా, థర్మామీటరు, ఒక నోటుపుస్తకం తెచ్చుకుంటే చాలును. రుచి సంగతి మేము నేర్పలేము, అది వారి దగ్గర ఎలాగూ ఉన్నది.